పక్కటెముకల పాట

ఎవరివో పక్కటెముకలు గ్రామఫోను మీద గిర్రున తిరుగుతుంటే ఎల్విస్‌ ప్రెస్లీ గొంతు వినిపించేది! 1950ల నాటి సోవియట్‌ సంగీతప్రియుల జ్ఞాపకమిది. అమెరికన్‌ జాజ్‌, రాక్‌ అండ్‌ రోల్‌ రికార్డులు అక్కడి దుకాణాల్లో దొరికేవి కావు. అందుకే ఆసుపత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, గుండ్రంగా కత్తిరించి, మధ్యలో సిగరెట్‌తో చిల్లుపెట్టి, వాటిమీదే పాటలు ఎక్కించేవారు. అమ్మకమంతా దొంగచాటుగానే. ఇంటికి తెచ్చి పెట్టుకుంటే ఒక్కోసారి పాట ఇలా మొదలై అలా ఆగి, రష్యన్‌లో తిట్లు వినిపించేవట... నకిలీ సరుకన్నమాట! అసలువైనా కొద్దిసార్లు తిప్పేసరికి అరిగిపోయేవి. అయినా కొనేవారు. తయారుచేసేవాళ్లు పట్టుబడితే మాత్రం జైలే. లెనిన్‌గ్రాడ్‌లో ఈ రికార్డులు చేసిన రుస్లాన్‌ బొగొస్లావ్‌స్కీ 1950లో అరెస్టయ్యాడు. 1953లో స్టాలిన్‌ చనిపోయాక బయటికొచ్చి, మళ్లీ కత్తెర పట్టుకున్నాడు.