ఇంటిపాట పాడితే ఇంటికి పారిపోతామా?



దసరా సెలవుల నుంచి వచ్చాక ఐదో తరగతి చెల్లెళ్ళు రాత్రిపూట ఊరి పాటలు పాడుకుని ఏడుస్తున్నారు. "ఆ పాటలు మానండి, బెంగ పెరిగి ఇంటికి పారిపోతారు" అని పెద్దవాళ్ళు అన్నారు. నా అభిప్రాయం వేరు. తప్పయితే క్షమించాలి.

మొన్న ఇంగ్లీషు సారు క్లాసులో ఒక అమెరికా పాట వినిపించారు. పేరు "టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్". 1971లో జాన్ డెన్వర్ అనే గాయకుడు పాడాడు. కొండల రాష్ట్రం వెస్ట్ వర్జీనియాను తలుచుకుని, నన్ను ఇంటికి చేర్చమని దారినే అడిగే పాట. ఆ ఏడాది అమెరికా పాటల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది.

తమాషా ఏమిటంటే, ఆ పాట మొదలుపెట్టిన బిల్ డానఫ్, టాఫీ నివర్ట్ అప్పటికి వెస్ట్ వర్జీనియా చూడనే లేదు. మేరీల్యాండ్‌లో ఒక పల్లె దారిన కారులో పోతుంటే ఆలోచన వచ్చిందట. పాడిన డెన్వర్‌దీ ఆ రాష్ట్రం కాదు. ఆయన తండ్రి వైమానిక దళంలో పనిచేసేవారు. అందుకని చిన్నప్పుడు ఊరూరూ తిరిగాడు.

"అయితే అది దొంగ పాటే కదే!" అంది నా పక్క బెంచీ అమ్మాయి. మొదట నేనూ అలాగే అనుకున్నాను. మరి ఆ రాష్ట్రం వాళ్ళు దాన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నారు?

వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల సీమ. గనుల్లోకి యంత్రాలు వచ్చాక చాలామందికి పని పోయింది. కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని ఒహాయో, మిషిగన్ ఫ్యాక్టరీలకి పోయాయి. 1950లో 20 లక్షలున్న జనాభా 1970కి పదిహేడున్నర లక్షలకి దిగింది. ఇల్లు వదిలిన మనిషికి ఇంటిని తలుచుకునే పాట కావాలి. ఎవరు రాశారన్నది వాళ్ళు చూడలేదు, తమ బెంగ అందులో ఉందని చూశారు. 2014లో ఆ రాష్ట్రం దాన్ని తన అధికార గీతాల్లో ఒకటిగా చేసుకుంది.

ఇప్పుడు మన సంగతి. నేను ఐదో తరగతిలో చేరిన కొత్తలో దుప్పటి ముసుగేసుకుని ఏడ్చేదాన్ని. ట్రంకు పెట్టె రెండుసార్లు సర్దుకున్నాను కూడా. అప్పుడు ఒక అక్క మా భాషలో, మా అమ్మ నాట్లప్పుడు పాడే పాట పాడింది. ఇంకా ఎక్కువ ఏడ్చాను, అబద్ధం చెప్పను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది. ఇక్కడ నా భాష తెలిసిన మనిషి ఒకరున్నారని ధైర్యం వచ్చింది. ఆ పాట నన్ను ఇంటికి పంపలేదు, ఇక్కడ ఉంచింది. ఇప్పుడు తొమ్మిదికి వచ్చాను.

చూడని ఊరి మీద రాసిన పాటే అంతమందికి తోడయితే, మనం పుట్టిన కొండ మీది పాట మనకి చేటు చేస్తుందా?

అందుకే మేడమ్ గారికి మనవి. ఆదివారం సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు అరగంట ఇప్పించండి. ఎవరి ఊరి పాట వాళ్ళు, ఎవరి భాషలో వాళ్ళు పాడుకుంటాం. చెల్లెళ్ళు ఏడిస్తే పక్కన మేము కూర్చుంటాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని