సాయంత్రం మిగిలే ఊరు

బల్గేరియాలో 2026 జనవరి 1 నుంచి జీతాలు యూరోల్లో పడుతున్నాయి. ఒక యూరోకు 1.95583 లెవాల చొప్పున మార్చి, పాత నోట్లకు సెలవు చెప్పారు. సరిగ్గా దానికి ఏడాది ముందు, 2025 జనవరి 1న, దేశాల మధ్య తనిఖీలు లేని షెంగెన్ ప్రాంతంలోకి భూసరిహద్దులు తెరుచుకున్నాయి. విమాన, ఓడ ప్రయాణాలకు ఆ వెసులుబాటు 2024 మార్చి 31 నుంచే ఉంది. 2007లో యూరోపియన్ యూనియన్‌లో చేరిన దేశానికి ఈ రెండు సౌకర్యాలూ పూర్తిగా దక్కేసరికి పందొమ్మిదేళ్లు పట్టింది. ఇక్కడ ఉంటున్న, ఇక్కడికి రావాలనుకుంటున్న తెలుగు కుటుంబాలకు దీనివల్ల ఒనగూరేదేమిటో నిదానంగా లెక్క చూసుకోవలసిన సమయం ఇది.

తెలుగువారి వలస పటంలో బాల్కన్ దేశాలకు చోటు దక్కింది ఈమధ్యనే. వైద్యులు అమెరికా, ఇంగ్లండ్ వెళ్లారు. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి ఎందరో గల్ఫ్ బాట పట్టారు. సాఫ్ట్‌వేర్ చదువులు పెరిగాక డాలస్, న్యూజెర్సీ పేర్లు చిన్న చిన్న ఊళ్లలో కూడా నోటికి అలవాటయ్యాయి. సోఫియా, ప్లోవ్‌దివ్, వర్నా అంటే మాత్రం ఇప్పటికీ ‘అదెక్కడ?’ అనే అడుగుతారు. అది చెప్పాక, ఇంట్లో పెద్దవాళ్ల నుంచి వచ్చే రెండో ప్రశ్న ‘ఏం మిగులుతుంది?’

డబ్బు ఒక్కటే లెక్కగడితే బల్గేరియా వెనకబడుతుంది. యూనియన్‌లో అతి తక్కువ వేతనాలున్న దేశాల్లో ఇదొకటి. 2026లో కనీస వేతనం నెలకు దాదాపు 620 యూరోలు. కానీ రోజులో ఎంత మిగులుతుంది, ఇంట్లోవాళ్లకు ఎంత మిగులుతుంది అని అడిగితే ఈ దేశం ఇచ్చే జవాబు చాలా బలంగా ఉంటుంది. ఈ సంచిక చెప్పదలచుకున్నది అదే.

ముందు పన్ను సంగతి. 2008 నుంచి బల్గేరియాలో వ్యక్తిగత ఆదాయపు పన్ను ఒకే రేటు, 10 శాతం. శ్లాబులు లేవు, జీతం పెరిగిందని రేటు పెరగదు. కంపెనీల లాభంపైనా 2007 నుంచి 10 శాతమే. ఉద్యోగి జీతంలోంచి సామాజిక భద్రతకు, ఆరోగ్య బీమాకు కలిపి సుమారు 14 శాతం పోతుంది. మిగిలినదాని మీద పన్ను పడుతుంది. నెలకు 2,000 యూరోల జీతం ఉన్న ఐటీ ఉద్యోగికి చేతికి దాదాపు 1,550 వస్తాయి. సామాజిక భద్రతకు కట్టే మొత్తానికి చట్టం ఒక గరిష్ఠ పరిమితి పెట్టింది కాబట్టి, జీతం బాగా పెరిగినవారికి కోత ఇంకా తగ్గుతుంది. తక్కువ జీతగాడికీ ఎక్కువ జీతగాడికీ ఒకే రేటు న్యాయమా అన్న వాదన ఇక్కడి రాజకీయాల్లో ఎప్పుడూ ఉంటుంది. అయినా నైపుణ్యం పట్టుకుని పరాయి దేశం నుంచి వచ్చినవారికి ఇది పెద్ద ఊరట. భారత్, బల్గేరియాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం కూడా ఉంది కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటి అద్దె వచ్చేవారు ఒకే ఆదాయానికి రెండు దేశాల్లో పూర్తి పన్ను కట్టవలసిన అవసరం లేదు.

ఉద్యోగాలు ఉన్నాయా అని సందేహించేవారు ఈ దేశపు గతం కాస్త తెలుసుకోవాలి. సోషలిస్టు కూటమిలో కంప్యూటర్ల తయారీ బాధ్యత ప్రధానంగా మోసిన దేశాల్లో బల్గేరియా ఒకటి. ప్రావెట్స్ అనే చిన్న పట్టణం పేరుతో 1980లలో ఇక్కడి బడుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. ఆ తరం ఇంజినీర్ల వారసులే ఈనాటి సోఫియా సాఫ్ట్‌వేర్ రంగానికి పునాది వేశారు. 2002లో సోఫియాలో పుట్టిన టెలెరిక్ కంపెనీని 2014లో అమెరికాకు చెందిన ప్రోగ్రెస్ 26 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనుక్కుంది. శాప్ సంస్థ 2000 నుంచే ఇక్కడ పరిశోధన కేంద్రం నడుపుతోంది. సోఫియాలో మ్లాదొస్త్ ప్రాంతంలోని బిజినెస్ పార్క్‌కు, విమానాశ్రయానికి 2015లోనే మెట్రో రైలు చేరింది.

ఇక చట్టం ఇచ్చే సెలవులు. ఏడాదికి కనీసం 20 పనిదినాలు జీతంతో కూడిన సెలవు ప్రతి ఉద్యోగి హక్కు. ప్రసూతి విషయంలో బల్గేరియా చట్టం ఉదారత చూసి తెలుగు ఆడపిల్లలు మొదట నమ్మలేరు: 410 రోజుల సెలవు, అంతకు ముందు తీసుకున్న సగటు బీమా ఆదాయంలో 90 శాతం భృతి. అందులో 45 రోజులు కాన్పుకు ముందే మొదలవుతాయి. కనీసం 12 నెలలు బీమా కట్టి ఉండాలన్నది షరతు. బిడ్డ పుట్టినప్పుడు తండ్రికి 15 రోజులు. అమెరికాలో జాతీయ చట్టం జీతం లేని 12 వారాలతో సరిపెడుతుంది. భారతదేశంలో 26 వారాలు. ఉద్యోగమా, పసిబిడ్డా అని తేల్చుకోలేక ఏడ్చే పరిస్థితి ఒక తల్లికి తప్పిందంటే, దాని విలువ పొదుపు ఖాతాలో కనిపించేది కాదు.

భార్యాభర్తలిద్దరూ చదువుకున్న కుటుంబాలకు మరో లాభం ఉంది. అమెరికాకు హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వెళ్లిన ఎందరో ఇంజినీర్లు ఏళ్ల తరబడి వంటింటికే పరిమితమయ్యారు. అధిక నైపుణ్యం ఉన్న ఉద్యోగులకు ఇచ్చే యూరోపియన్ బ్లూ కార్డు మీద వచ్చినవారి జీవిత భాగస్వామికి ఉద్యోగం చేసుకునే హక్కు ఉంటుంది. 12 నెలల తరువాత బ్లూ కార్డుదారు షరతులకు లోబడి యూనియన్‌లోని మరో దేశంలో కొలువు వెతుక్కోవచ్చు. చట్టబద్ధంగా, ఎడతెగకుండా ఐదేళ్లు ఉంటే దీర్ఘకాల నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇందులో దేశాలవారీ కోటా లేదు. అమెరికా గ్రీన్ కార్డుల్లో ఒక దేశానికి 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల దశాబ్దాల వరుసలో నిలబడ్డ బంధువులు ఉన్న ప్రతి తెలుగు ఇంటికీ ఈ తేడా విడమరిచి చెప్పనక్కరలేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, ఆ వరుస మొదట్లోనే నిలిచిపోయిన యువత మరో దారి వెతుకుతోంది.

ఇప్పుడు సాయంత్రం సంగతి.

సోఫియాకూ తెలుగు రాష్ట్రాలకూ మధ్య తేడా చలికాలంలో మూడున్నర గంటలు, వేసవిలో రెండున్నర. ఇక్కడ ఆరింటికి పని ముగించుకుని ఫోను చేస్తే అక్కడ అమ్మానాన్నలు రాత్రి భోజనం చేసి కూర్చుని ఉంటారు. వాళ్లు నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు, వీళ్లు తెల్లవారుజామున అలారం పెట్టుకోనక్కరలేదు. నాన్నకు బీపీ మాత్ర వేసుకున్నావా అని రోజూ అడగగలగడం, మనవరాలి హోంవర్కు తాతయ్య చూడగలగడం చిన్న విషయాలు కావు. కాలిఫోర్నియాలో ఉన్నవారికి ఈ తేడా పన్నెండు గంటల పైమాట.

ఊరు కూడా ఇందుకు సాయపడుతుంది. 1998లో మొదలైన సోఫియా మెట్రోకు ఇప్పుడు నాలుగు లైన్లు. నగరపు దక్షిణ అంచునే వీతోషా పర్వతం. 1934లో బాల్కన్‌లో మొట్టమొదటిగా ప్రకృతి వనంగా ప్రకటించింది దాన్నే. దాని శిఖరం చెర్ని వ్రహ్ ఎత్తు 2,290 మీటర్లు. 66వ నంబరు సిటీ బస్సు ఎక్కితే అలెకో దాకా కొండ మీదికి తీసుకెళ్తుంది. నగరం నడిబొడ్డున, పాత స్నానశాల భవనం పక్కన, వేడి ఖనిజ జలం కుళాయిల్లో ఉచితంగా వస్తుంది. పొద్దున్నే డబ్బాలతో వచ్చి పట్టుకుపోయే పెద్దవాళ్లతో మాట కలిపి బల్గేరియన్ నేర్చుకునే అవకాశం కూడా అక్కడ దొరుకుతుంది. ఇక్కడి నుంచి గ్రీసులోని థెస్సలొనీకి రోడ్డు మార్గంలో సుమారు 300 కిలోమీటర్లు. బల్గేరియా నివాస కార్డుతో మిగతా షెంగెన్ దేశాల్లో ప్రతి 180 రోజుల్లో 90 రోజులు వీసా లేకుండా తిరగవచ్చు.

భోజనం దగ్గర తెలుగువారికి ఇక్కడ పరాయితనం తక్కువ. పెరుగుకు ఈ దేశం పెట్టింది పేరు. పాలను తోడుపెట్టే సూక్ష్మజీవిని 1905లో జెనీవాలో గుర్తించిన స్తామెన్ గ్రిగొరోవ్ బల్గేరియా వాడే. ఆ జీవి శాస్త్రీయ నామంలోనే బల్గేరియా ఉంది. ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్లు లేని ‘పోస్నో’ వంటలు భోజనశాలల్లో విడిగా రాసి పెడతారు. ఈస్టరుకు ముందు వారాల్లో శాకాహారులు ధైర్యంగా బయట తినవచ్చు. ఆకురాలు కాలం రాగానే మిరపకాయలు కాల్చి, టమాటాలతో కలిపి ఉడికించి ‘ల్యుతెనిత్సా’ చేసి సీసాలకెత్తుతారు. మన ఇళ్లలో ఎండాకాలపు ఆవకాయ సందడి ఎలాంటిదో, ఇక్కడి కుటుంబాలకు అది అలాంటిది. ఆ పని రోజున పొరుగింటికి వెళ్లి చెయ్యి కలిపిన తెలుగు గృహిణికి ఆ వాడలో ఇక కొత్త ముఖం అన్న మాట ఉండదు.

మనిషికి ఇక్కడ విలువ ఉండడానికి జనాభా లెక్కలు కూడా కారణం. 1985 జనగణనలో దాదాపు 89 లక్షల 50 వేలున్న జనాభా 2021 నాటికి 65 లక్షలకు పడిపోయింది. లక్షల మంది బల్గేరియన్లు జర్మనీ, బ్రిటన్, స్పెయిన్ వెళ్లారు. తమ బిడ్డలను విమానం ఎక్కించి ఖాళీ ఇంట్లో మిగిలిన తల్లిదండ్రులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వలస అంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే వాళ్లకు తెలుసు. పైగా భారతదేశం పట్ల ఇక్కడ పాత అభిమానం ఉంది: 1926లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికి వచ్చారు, 1954లో దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. 2024 మార్చిలో సోమాలియా సముద్రపు దొంగల చేతిలో చిక్కిన ‘రుయెన్’ నౌక నుంచి ఏడుగురు బల్గేరియన్లు సహా 17 మంది సిబ్బందిని భారత నౌకాదళం క్షేమంగా విడిపించినప్పుడు, ఈ దేశాధ్యక్షుడు బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పారు. ‘ఆర్ఆర్ఆర్’లో ఎన్టీఆర్ పరిచయ ఘట్టంలోని అడవి కూడా బల్గేరియాదేనని తెలుగు ప్రేక్షకుల్లో కొందరికే తెలుసు.

వైద్య విద్యకు వచ్చే పిల్లలకూ ఈ దేశం పరిచితమవుతోంది. ప్లెవెన్ వైద్య విశ్వవిద్యాలయం 1997 నుంచి ఇంగ్లీషులో బోధిస్తోంది. సోఫియా, ప్లోవ్‌దివ్, వర్నాల్లోనూ ఆ సౌకర్యం ఉంది. ఆరేళ్ల ఈ పట్టాకు యూనియన్ అంతటా గుర్తింపు లభిస్తుంది. అయితే భారత్‌లో ప్రాక్టీసు చేయాలనుకుంటే 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆపైన స్వదేశంలో అర్హత పరీక్ష తప్పవు. చేరకముందే ఈ నిబంధనలు పక్కాగా సరిచూసుకోవాలి. ఆసుపత్రిలో రోగి మాట్లాడేది బల్గేరియన్ కాబట్టి మూడో ఏడాది నుంచి భాష రాకపోతే చదువు సాగదు.

ఇబ్బందులు దాచిపెట్టి ప్రయోజనాలు చెప్పడం తోటివారిని మోసగించడమే అవుతుంది. సోఫియాలో ప్రభుత్వ కిండర్‌గార్టెన్లకు 2022 ఏప్రిల్ నుంచి నెలసరి రుసుము లేకపోయినా సీట్లు చాలవు. పాయింట్ల లెక్కన కేటాయిస్తారు. ఆరోగ్య బీమాకు జీతంలో 8 శాతం వెళ్తుంది, అందులో 4.8 యజమానిది, 3.2 ఉద్యోగిది. అయినా మందులకు, కొన్ని చికిత్సలకు రోగి చేతి నుంచి పెట్టుకునే వాటా యూరప్‌లో ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇదొకటి. చలికాలంలో కొండల నడుమ గాలి కదలక పొగ కమ్మేస్తుంది. ఉబ్బసం ఉన్నవారు ఇల్లు ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి. యూనియన్ బయటి దేశాలవారు ఫ్లాటు కొనవచ్చు గాని భూమి తమ పేరున కొనలేరు. పౌరసత్వానికి భాషా పరీక్ష ఉంది, పాత పౌరసత్వం వదులుకోవాలి. భారత్ కూడా ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. అందుచేత చాలామందికి దీర్ఘకాల నివాసమే సరైన మజిలీ.

అన్నిటికన్నా ఆందోళన కలిగించేది దళారుల బెడద. నిర్మాణ పనులకు, గిడ్డంగులకు, హోటళ్లకు మనుషులు కావాలన్నది నిజమే. ఆ అవసరాన్ని ఆసరా చేసుకుని లక్షలు గుంజేవారు పల్లెల్లో తిరుగుతున్నారు. భారత ప్రభుత్వం వద్ద నమోదైన ఏజెంటు సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఏజెంటు నమోదు సంఖ్యను ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడకుండా పొలం తాకట్టు పెట్టవద్దని ఇక్కడున్న తెలుగువారంతా తమ ఊళ్లో కనీసం పది మందికి చెప్పాలి. పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టకూడదనీ, ఒప్పందం తనకు తెలిసిన భాషలో చదివించుకున్నాకే సంతకం చేయాలనీ చెప్పాలి.

పైన చెప్పిన సౌకర్యాలు చాలావరకు కాగితం మీద హక్కులుగా ఉన్నాయి. వాటిని అందుకోవాలంటే మునిసిపాలిటీ కిటికీ దగ్గర, వైద్యుడి గదిలో, బడిలో టీచరు ముందు నోరు విప్పాలి. అక్కడ ఇంగ్లీషు ప్రతిసారీ పనికిరాదు. సిరిలిక్ లిపిలో ఉన్నవి 30 అక్షరాలే. యాభై పైచిలుకు అక్షరాలు, వాటికి గుణింతాలు, ఒత్తులు దిద్దినవారికి అది పెద్ద పని కాదు. మే 24న ఈ దేశం తన అక్షరాలకు, చదువుకు పండుగ చేసుకుని జాతీయ సెలవు ఇస్తుంది. ఆ నాటికి బోర్డులన్నీ చదవగలగాలని కొత్తగా వచ్చినవారు గురి పెట్టుకోవచ్చు.

అందుకే వచ్చే సంచిక నుంచి ‘కొత్తగా వచ్చినవారికి’ అనే శీర్షిక మొదలవుతుంది. అద్దె ఒప్పందం, కుటుంబ వైద్యుడి నమోదు, కిండర్‌గార్టెన్ దరఖాస్తు, ప్రసూతి భృతి కాగితాలు, నివాస కార్డు పొడిగింపు ఒక్కొక్కటే వివరంగా వస్తాయి. వీటిలో ఏదైనా తాము స్వయంగా పూర్తిచేసిన మన తెలుగు సంఘం సభ్యులు, పట్టిన సమయం, అడిగిన పత్రాలు, కట్టిన రుసుము రాసి పంపాలని సంపాదకవర్గం కోరుతోంది. భాష బాగా వచ్చినవారు వారానికి ఒక సాయంత్రం బల్గేరియన్ నేర్పడానికి ముందుకొస్తే, సంఘం గది ఆ పూటకు సిద్ధంగా ఉంటుంది.