గడియారం మీద ఎవరి పేరు?

విజ్ఞాన యాత్ర అంటే మన హాస్టళ్ల వాళ్లకు చార్మినార్, జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం. మ్యూజియంలో అందరి పరుగూ మ్యూజికల్ క్లాక్ దగ్గరికే. గంట గంటకూ గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టిపోతుంది. అది చూడకుండా కట్టంగూర్ తిరిగొస్తే హైదరాబాద్ పోయినట్టే లెక్క కాదు! కానీ అక్కడే ఉన్న ఫ్రాన్స్ బంగారు పూత గడియారాల ముందు కూడా పిల్లల్ని పది నిమిషాలు నిలబెట్టాలని మేము కోరుతున్నాం.

చలిదేశపు శ్రీమంతులు నిప్పుగూటి పైనున్న అరుగు మీద పెట్టుకున్న గడియారాలివి. 18వ శతాబ్దంలో ఇటలీలో పాంపే, హెర్కులేనియం తవ్వకాలు జరిగాక ప్యారిస్‌కు పాత రోమ్ మీద మోజు పట్టింది. స్తంభాలు, కలశాలు, దేవతల బొమ్మలు అట్లా వచ్చినవే. ముళ్ల వెనుక తెల్లటి పళ్లెం మీద సాధారణంగా గడియారం తయారీదారు పేరుంటుంది. కంచు పోతపోసినవాడు, ఉలితో చెక్కినవాడు, పూత పూసినవాడు వేరే మనుషులు. వాళ్ల పేర్లు చాలా వాటిమీద కనిపించవు.

ఆ పూత ఎట్లా వేశారో తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. బంగారాన్ని పాదరసంలో కరిగించి ముద్ద చేసి, కంచు మీద పూసి, బొగ్గుల మంట మీద కాచేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం అంటుకొని ఉండేది. ఆ ఆవిరి పనివాడి ఊపిరితిత్తుల్లోకి పోయేది. చేతులు వణికేవి, పళ్లు ఊడేవి, మతి చలించేది. నెపోలియన్ కొలువుకు కంచు సామాను చేసిన రావ్రియో అనే ఆయన 1814లో చనిపోతూ, ఈ పనివాళ్లను కాపాడే ఉపాయం కనిపెట్టిన వారికి 3,000 ఫ్రాంకుల బహుమతి రాసిపెట్టాడు. పొగను పైకి లాగే కొలిమి తయారుచేసిన దార్సే అనే రసాయన శాస్త్రవేత్తకు అది దక్కింది. 1840లలో విద్యుత్తుతో పూత వేసే పద్ధతి వచ్చాక ఆ పాత పని తగ్గిపోయింది.

అందమైన వస్తువు ముందు చావు కబురెందుకని కొందరంటారు. అందం తగ్గదు, చూసే కన్ను పెరుగుతుందని మా వాదన. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ అభిరుచి గొప్పదే. ఆయన 1949లో కన్నుమూశాక 1951లో మ్యూజియం తెరిచారు. అయితే ఆ కుటుంబపు సంపదలో జాగీరు రైతుల శిస్తు ఉంది. అది కూడా ఏ గడియారం మీదా రాసిలేదు.

అంత దూరం ఎందుకు? హాస్టల్ గోడ గడియారం మీద బహూకరించినవారి పేరుంటుంది. వార్షికోత్సవ సంచికలో అతిథుల ఫోటోలుంటాయి. తెల్లారకముందే పొయ్యి వెలిగించే వంటమనిషి, కామాటి, రాత్రంతా మేల్కొనే వాచ్‌మన్ ఏ పేజీలో ఉన్నారు? వచ్చే సంచికలో వారి పేర్లు, పనిచేసిన సంవత్సరాలు మొదటి పేజీల్లోనే అచ్చువేయాలి. పాత విద్యార్థులు తమ కాలం వారి వివరాలు రాసి పంపాలి. "అన్నా", "అక్కా", "పెద్దమ్మా" అని పిలిచిన అలవాటులో చాలామందికి అసలు పేరు తెలియకపోవచ్చు. ఊరికి వచ్చినప్పుడు అడిగి తెలుసుకొని, ఇంటిపేరుతో సహా రాయండి.