చాటుగా పట్టిన పాట

మన సోదరీమణులలో ననేకుల యిండ్లలో నేదో యొక వస్తుసంగ్రహము జరుగుచునే యుండును. ఒకరి మామగారు పాత నాణెములు కూడబెట్టుదురు. ఒకరి కుమారుడు తపాలా బిళ్లలు అతికించుకొనును. మరియొకరి యింట అటక నిండ పాత పత్రికలుండును. ఈ మాసమున మేము ప్రస్తావింపదలచిన సంగ్రహము వీనికంటె వింతయైనది. అది గానమును కూడబెట్టుట. అంగడిలో నమ్ము గానము కాదు; కచేరి జరుగుచుండగా సభలో నెవడో యొకడు గాయకుల యనుమతి లేకుండ యంత్రమున పట్టి తెచ్చిన గానము. దీనిని 'బూట్‌లెగ్' అందురు. పూర్వము అమెరికాలో దొంగసారా సీసాలను పొడుగు బూట్ల గొట్టములలో దాచుకొని పోవుచుండిరి గనుక, చాటుమాటు సరకున కెల్ల నా పేరు కలిగినది.

ఇట్టి సరకును ప్రేమించు భర్తయో, తమ్ముడో, కుమారుడో యింటనున్న యెడల గృహిణికి మూడు సందేహములు కలుగుట సహజము. ఆ గరగరలాడు టేపులో నేమి సుఖమున్నది? అది దొంగసొత్తు కాదా? ఈ పెట్టెల నింక నెంతకాలము మోయవలెను? ఈ మూడింటికిని మాకు తెలిసినంతవఱకు సమాధానము చెప్పుదుము. ఉదాహరణమునకు లెడ్ జెప్పెలిన్ అను ఇంగ్లీషు మేళమును గైకొందము. బూట్‌లెగ్ సంగ్రాహకుల కీ మేళముపై గల మక్కువ ప్రసిద్ధము.

ఈ మేళము 1968లో ఏర్పడినది. గిటారు జిమ్మీ పేజ్, గాత్రము రాబర్ట్ ప్లాంట్, బేస్ గిటారును కీబోర్డును జాన్ పాల్ జోన్స్, డ్రమ్ములు జాన్ బోనమ్. హెవీ మెటల్ అను ఘోరధ్వని గల గానమునకు వీరిని ఆద్యులలో లెక్కింతురు. 1980 సెప్టెంబరు 25వ తేదీన బోనమ్ మరణింపగా, మిగిలిన మువ్వురును ఆతడు లేని మేళము తమకు వలదని ఆ డిసెంబరులోనే విరమించిరి. పండ్రెండేండ్ల ముచ్చట యది.

ఆ గానము మన చెవులకు రణగొణధ్వనిగా తోచవచ్చును. కాని మన సంగీతమెఱిగిన సోదరి కొక సంగతి వెంటనే బోధపడగలదు. మన విద్వాంసుడు ఒకే కీర్తనను నేడు పాడినట్లు రేపు పాడడు. ఆలాపనయు, నెరవును, స్వరకల్పనయు నాటి మనోధర్మమును బట్టి పుట్టును. జెప్పెలిన్ మేళమువారి రీతియు నిట్టిదే. 1969లో వెలువడిన వారి మొదటి రికార్డులో 'డేజ్డ్ అండ్ కన్ఫ్యూజ్డ్' అను పాట సుమారు ఆరున్నర నిమిషములు మాత్రమే. వేదికపై కొన్ని రాత్రులందు అదే పాట అరగంట వఱకు సాగెడిది. నడుమ నేమి వచ్చునో వాయించువారికే ముందుగా తెలియదు. ఇట్లుండగా ఆ మేళము జీవించియున్నంతకాలము వారి కచేరిగానమును అధికారముగా ముద్రించి యమ్మినది ఒక్కమారే. 1973 జూలైలో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెనున పట్టి 1976లో ప్రకటించిన చిత్రసంబంధమగు రికార్డది. తక్కిన వందలకొలది రాత్రుల గానమంతయు గాలిలో కలిసిపోవలసినదే గదా! కలిసిపోకుండ నాపినవారు సభలోని చాటు మనుష్యులు.

ఈ పని వారితో పుట్టినది కాదు. న్యూయార్కు మెట్రోపాలిటన్ ఆపెరాలో గ్రంథపాలకుడుగా నుండిన లయొనెల్ మేపుల్‌సన్ యనువాడు 1901 మొదలు 1903 వఱకు ఎడిసన్ ఫోనోగ్రాఫును నాటకశాలకు కొనిపోయి, గాయకులు పాడుచుండగా మైనపు గొట్టములపై రెండుమూడు నిమిషముల తునుకలుగా పట్టియుంచెను. వినిన నంతయు గీతలును గరగరయునే. కాని ఆ కాలమున మహాగాయకుడని పేరొందిన జాన్ ద రెష్కే కంఠము నేడు మనకు వినబడునది యా గొట్టములలోనే. ఆయన కంఠము నిలిచియున్న అంగడి రికార్డు ఒక్కటియు లేదు.

జెప్పెలిన్ విషయమునకు వత్తము. వారి కచేరులలో మనకు చిక్కిన మొట్టమొదటి టేపు 1968 డిసెంబరు 30వ తేదీన అమెరికాలో స్పోకేన్ పట్టణమున గొంజాగా విశ్వవిద్యాలయములో పట్టినది. అప్పటికి వారి తొలి రికార్డింకను అంగడికి రాలేదు. 1970 సెప్టెంబరు 4వ తేదీన లాస్ ఏంజెలిస్ ఫోరమున జరిగిన కచేరిని ఇరుపక్షములవారు వేర్వేరుగా పట్టిరి. అది 'లైవ్ ఆన్ బ్లూబెర్రీ హిల్' అను పేర రికార్డులుగా చాటున అమ్ముడుపోయి, రాక్ సంగీతపు తొలి బూట్‌లెగ్ రికార్డులలో ప్రసిద్ధి కెక్కినది.

మేళమువారి వ్యవహర్త పీటర్ గ్రాంట్ మహాకాయుడు, కోపిష్ఠి. సభలో టేపు యంత్రము కనబడిన దానిని పగులగొట్టించెడివాడు. 1971లో కెనడాలోని వాంకూవరున ధ్వని యెంత బిగ్గరగా నున్నదో కొలువవచ్చిన అధికారుల పనిముట్టును సైతము టేపు యంత్రమని భ్రమించి ధ్వంసము చేయించెనని చెప్పుదురు. ఇట్టి కాపలా నడుమ టేపు పట్టుట యెట్లు?

ఇందుకు మైక్ మిల్లార్డ్ అను కాలిఫోర్నియా యువకుని కథ సంగ్రాహకులెల్లరు చెప్పుకొనునది. ఆతడు నాకమిచి 550 అను క్యాసెట్టు యంత్రమును చక్రముల కుర్చీ క్రింద దాచి, తాను నడువలేనివానివలె నందు కూర్చుండి, మిత్రునిచే త్రోయించుకొని ఫోరములో ప్రవేశించెడివాడు. ఆ కపటమును మేము మెచ్చము; నిజముగా నడువలేనివారి యెడ లోకము చూపు మర్యాదను అట్లు వాడుకొనుట తగదు. కాని 1977 జూన్ 21వ తేదీ రాత్రి ఆతడు పట్టిన జెప్పెలిన్ టేపు మిక్కిలి స్పష్టమైనది. ప్రేక్షకుల మధ్య పట్టిన టేపులలో దీనిని మించినవి కొలదిగానే యున్నవని సంగ్రాహకుల తలపు. ఆతడు తన టేపుల నమ్మువాడు కాడు; అమ్మువారిని ద్వేషించెడివాడనియు, ఇతరుల కిచ్చు ప్రతులలో రహస్యముగా గుర్తులుంచెడివాడనియు మిత్రులు చెప్పుదురు. అయినను ఆ రాత్రి గానము వేఱొక పేరుతో బూట్‌లెగ్ వర్తకుల చేత పడి లోకమంతట నమ్ముడుపోయినది.

మొదటి సందేహములోని గరగర యెక్కడినుండి వచ్చినదో ఇప్పుడు చెప్పుదుము. తోడుపాలనుండి తోడు తీసి, ఆ పెరుగునుండి మరల తోడు తీసికొనుచు పోవుచున్నను పెరుగు పెరుగుగానే యుండును. టేపు అట్టిది కాదు. మూలపు టేపునుండి ఒక ప్రతి, దానినుండి మరియొక ప్రతి తీయుచు పోయినకొలది ప్రతి తరమునందును ఇసుక రాలినట్టి సవ్వడి హెచ్చును. గాత్రము వెనుకకు పోవును. యంత్రములలో నొకటి కొంచెము వేగముగా తిరుగునదైన శ్రుతి పైకి పోయి మగవాని కంఠము బాలుని కంఠమగును. కావుననే సంగ్రాహకుడు తనకున్న టేపునే మరల వెదకుచుండును. ఇంటివారికి ఇది పిచ్చిగా తోచును. ఆతడు వెదకునది అదే కచేరి. కాని అంతకంటె నొక తరము పైది. మూలమునకు దగ్గఱైన ప్రతి దొరికినచో, అంతవఱకు వినబడని తీగ మీటు, కొట్టినవాని చేతివ్రేటు వినబడును. ఒకే కచేరిని ఇద్దఱు వేర్వేరు చోట్ల కూర్చుండి పట్టియుండిన, రెంటిని జోడించి ఒక మంచి ప్రతి చేయువారును కలరు. పూర్వము తపాలాలో క్యాసెట్లు మార్చుకొనెడివారు; నేడు నాణ్యము తగ్గని రీతిని కంప్యూటరుమీద మార్చుకొనుచున్నారు. మార్పిడిలో సొమ్ము పుచ్చుకొనరాదనునది వారిలో మంచివారి నియమము.

ఇక రెండవ సందేహము: ఇది దొంగసొత్తు కాదా? మా యభిప్రాయమున ఇందు రెండు పనులను వేఱు చేసి చూడవలెను. పాటను ప్రేమించి పట్టియుంచుట యొకటి. దానిని పరుల చెమటగా నెఱిగియు సొమ్ము చేసికొనుట యింకొకటి. 2007 జూలైలో స్కాట్లండులోని గ్లాస్గో నగరమున బూట్‌లెగ్ బిళ్లల నమ్మిన యొకనిపై వ్యాజ్యము జరుగగా, జిమ్మీ పేజ్ తానే న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యమిచ్చెను. అభిమానులు తమలో తాము గానమును మార్చుకొనుటను ఆయన తప్పు పట్టలేదు. మంచి సరకని భ్రమింపజేసి చెడ్డ ధ్వని గలదానిని అమ్ముటను తప్పు పట్టెను. పేజ్ స్వయముగా తమ మేళపు బూట్‌లెగ్గులను సేకరించువాడనుట కూడ ప్రసిద్ధమే. ఇల్లు దోచినవాని చేతిలో తన నగ యెట్లు మెఱయుచున్నదో చూడగోరిన యజమాని వంటివాడాయన.

మన చట్టమేమి చెప్పుచున్నదో కూడ గృహిణు లెఱిగియుండుట మేలు. 1957 నాటి కాపీరైటు చట్టమును 1994లో సవరించి గాయకులకును నటులకును తమ ప్రదర్శనముపై హక్కు నొసగిరి. వారి యనుమతి లేక కచేరిని ముద్రించి అమ్ముట ఆ హక్కును భంగపఱచుట. తన స్వంత వినికిడికై మాత్రము ముద్రించుకొనువానికి ఆ చట్టముననే మినహాయింపు కలదు. సభవారు యంత్రములు తేరాదని టిక్కెట్టుమీద వ్రాసిన యెడల ఆ మాట వేఱు. వారి చోటునకు పోయినవారు వారి నిబంధనకు లోబడవలెను.

మన దేశమునకు సంబంధించిన ముచ్చట యొకటి యిందు కలదు. 1972లో పేజ్, ప్లాంట్ ఇరువురును బొంబాయికి వచ్చి, అచటి వాద్యకారులను గూర్చి 'ఫ్రెండ్స్', 'ఫోర్ స్టిక్స్' అను తమ పాటలను రెండింటిని వయొలిన్లతోను తబలాలతోను వాయింపజేసి పట్టించిరి. ఆ టేపులు పెట్టెలో పడియుండెను. వాని చాటుప్రతులు మాత్రము సంగ్రాహకుల చేతులలో దేశదేశములు తిరిగెను. తుదకు 2015లో 'కోడా' అను రికార్డు పునర్ముద్రణముతోపాటు వానిని అధికారముగా ప్రకటించిరి. బొంబాయి వాద్యకారుల పనితనము నలువదేండ్లకు పైగా వినినవారు, చాటుగా వినినవారే.

ఇట్టిదే యింకొకటి ఇటీవల జరిగినది. మిల్లార్డ్ 1975 ఏప్రిలులో లాస్ ఏంజెలిస్‌లో పట్టిన పింక్ ఫ్లాయిడ్ మేళపు కచేరిని, ఆ మేళము పేరనే 2025 డిసెంబరులో శుభ్రపఱచి ప్రకటించిరి. నాడు తలుపువద్ద చిక్కినచో లాగికొనదగిన టేపు, ఏబదియేండ్లకు యజమాని యింటికే సగౌరవముగా చేరినది.

మూడవ సందేహము మన గృహిణులకు ముఖ్యమైనది: ఈ పెట్టెల నెంతకాలము మోయవలెను? మిల్లార్డ్ 1994లో ఆత్మహత్య చేసికొనెను. మరణించుటకు ముందు టేపులన్నిటిని నాశము చేసెనని చాలకాలము వదంతి వ్యాపించినది. సంగ్రాహకులు ఆశ వదలుకొనిరి. కాని అది నిజము కాదు. ఆ టేపులు తల్లియింట భద్రముగా నుండెను. కుమారుని చక్రముల కుర్చీ కపటములను, రాత్రుల తిరుగుళ్లను ఆమె యెంతవఱకు మెచ్చెనో మనమెఱుగము. పోయినవాని వస్తువులను ఆమె పాఱవేయలేదు. పిదప కుమారుని మిత్రులు వచ్చి యడుగగా వారి కప్పగించినది. 2020 మొదలు ఆ మూలపు టేపుల గానము లోకమునకు క్రమముగా అందుచున్నది. గానము నెఱుగని తల్లి యైనను, ఒక తరపు గానమంతయు ఆమె బీరువాలో బ్రతికినది.

కావున సోదరీమణులకు మేము చెప్పున దేమనగా: మీ యింటివారికి ఇట్టి వ్యసనమున్నచో దానికొక హద్దు పెట్టుడు. నెలకింత సొమ్మని, ఇంత చోటని ముందుగా నిర్ణయించుకొనుడు. చాటు వర్తకులవద్ద హెచ్చు వెల పెట్టి కొననీయకుడు. ఆ సొమ్ము పాడినవానికిని చేరదు, పట్టినవానికిని చేరదు. అధికారముగా అమ్ముబడు రికార్డున్నచో ముందు దానిని కొనుట ధర్మము. ఇంతవఱకు కఠినముగా నుండుడు. కాని కోపమున ఆ పెట్టెను పాతసామానువాని కెన్నడును వేయకుడు.

టేపులను చెమ్మ తగులని చోట, ఎండకును, స్పీకరు పెట్టెల వెనుకనుండు అయస్కాంతములకును దూరముగా నిలువుగా నుంచవలెను. ఏండ్ల తరబడి తిప్పని క్యాసెట్టును పాత యంత్రములో నొక్కసారిగా వేయక, తెలిసినవారిచే ముందు చూపించి, కంప్యూటరులోనికి ప్రతి తీయించుట మేలు. ప్రతి వచ్చినదని మూలమును పాఱవేయరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి పెట్టెమీదను ఎవరు పాడిరో, ఏ యూర, ఏ తేదీన, ఎవరు పట్టిరో, ఎన్నవ ప్రతియో వ్రాయించుడు. చీటి లేని టేపు విలాసము లేని యుత్తరము వంటిది.

ఇది హెవీ మెటల్ టేపులకే చెప్పిన మాట కాదు. మన యిండ్లలోను పెండ్లిళ్ల సన్నాయి, బామ్మగారి మంగళహారతి, తాతగారి పద్యము ఏ క్యాసెట్టులోనో చీటి లేక పడియుండును. ఈ మాసమున నొక మధ్యాహ్నము వానిని బయటికి తీసి, గుర్తెఱిగిన పెద్దలు బ్రతికియుండగానే పేర్లు వ్రాయించుడు. అట్లు వ్రాయింపగా దొరికిన విశేషములను సోదరీమణులు మాకు తెలియజేసిన, స్థలమున్నంతవఱకు ప్రకటింతుము.