పలకని పాఠానికి బాధ్యులెవరు?



బరంపురంలోను, గంజాం జిల్లా గ్రామాలలోను తెలుగు చదువుకొనే పిల్లల కొరకు పద్యాలను, పాఠాలను రికార్డు చేసి పంపడం మనలో పలువురు చేస్తున్న మంచి పని. అయితే పంపిన పాఠం ఆ ఇంట పలికినదా లేదా అని విచారించేవారు అరుదు. "మా ఫోనులో వినిపిస్తున్నది, మీ ఫోనే పాతది" అని తేల్చివేయడం మనకు అలవాటైపోయింది. ఈ మాటను నేను అంగీకరించను. వినబడని పాఠం చెప్పని పాఠంతో సమానం. ఏ ఫార్మాటులో ఇవ్వవలెనో ఆలోచించడం కంప్యూటరు దుకాణదారుని పని కాదు, బోధనలో భాగం.

మన స్థితిని ఒక్కసారి తలచుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉండేది. ఆనాటినుండి మన పిల్లలకు చుట్టూ ఒడియా, ఇంట తెలుగు. ప్రాథమిక దశలో మాతృభాషలో విద్యకు తగిన వసతులు కల్పించవలెనని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతున్నది. కాని అధికరణం ఉచ్చారణ నేర్పదు. దానికి గొంతు కావాలి. తెలుగు ఉపాధ్యాయుడు లేని చోటికి ఆ గొంతును మోసుకొని పోగలిగినది రికార్డింగు ఒక్కటే.

ఇప్పుడు మనం పంపుతున్నవి చూడండి. వాట్సాప్ వాయిస్ సందేశం ఓపస్ ఫార్మాటులో ఉంటుంది. ఐఫోనులో రికార్డు చేసినది ఎం4ఏగా వస్తుంది. పాత బటన్ ఫోన్లలో చాలావాటి రికార్డింగు ఏఎంఆర్. పిల్లవాని ఇంట ఉన్నదేమిటి? మగ్గం పక్కన పెట్టుకొన్న మెమరీ కార్డు స్పీకరు పెట్టె కావచ్చు, తండ్రి సూరత్‌కు పనికి వెళ్తూ అవ్వకు వదిలిన చిన్న ఫోను కావచ్చు. అట్టి చౌక పరికరాలలో అనేకం ఎంపీ3 తప్ప మరొకటి ఎరుగవు. కొందరు ఫైలు పేరు చివర అక్షరాలు మార్చి ఎంపీ3 అని వ్రాసి పంపుతారు. సీసా మీద చీటీ మార్చితే ఆముదం నెయ్యి అవుతుందా?

"ఎంపీ3 కాలం చెల్లినది, కొత్త ఫార్మాట్లు తక్కువ పరిమాణంలో మెరుగైన ధ్వని ఇస్తాయి" అని వాదించే మిత్రులున్నారు. ధ్వని విషయంలో వారి మాట నిజమే. కాని పిల్లవాని పెట్టె పలకని మెరుగుదనం పిల్లవానికి దేనికి? పైగా ఎంపీ3 నేడు ఎవరి సొత్తూ కాదు. దాని పేటెంట్ల లైసెన్సు కార్యక్రమం 2017 ఏప్రిల్‌లో ముగిసింది.

తాళం వేసిన ఫైళ్ళ సంగతి ఇంకా అన్యాయం. మైక్రోసాఫ్ట్ 2004లో "ప్లేస్‌ఫర్‌ష్యూర్" అనే ముద్ర తెచ్చింది, అంటే తప్పక పలుకుతుందని హామీ. 2006లో అదే సంస్థ తెచ్చిన జూన్ ప్లేయరు, ఆ ముద్ర గల దుకాణాలు తాళం వేసి అమ్మిన పాటలను పలకలేదు. డబ్బు చెల్లించి కొన్న పాటలకే ఆ గతి పట్టగా, ఏదో ఒక యాప్‌లో మాత్రమే వినబడేటట్లు మన పాఠాలను బంధించడం ఏమి వివేకం? యాప్ మూతపడిన నాడు పాఠమూ మూతపడుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఉచ్చారణ. సాధారణ ఏఎంఆర్ రికార్డింగు సెకనుకు 8,000 నమూనాలు మాత్రమే తీసుకొంటుంది. అందువలన 4,000 హెర్ట్‌జ్‌లకు పైనున్న ధ్వని అంతా పోతుంది. సకారంలోని ఊపిరి ధ్వనిలో ప్రధాన భాగం ఆ పైననే ఉన్నది. అది పోతే శ, స ల మధ్య తేడా మసకబారుతుంది. ఒడియాలో శ, ష, స మూడూ వ్రాతలో ఉన్నా పలుకులో దాదాపు స ఒక్కటే. రోజంతా ఆ పలుకు వినే మన బిడ్డకు "శాంతి", "సంత" అన్న మాటల మొదటి అక్షరాల భేదం వినిపించవలసిన పాఠంలోనే ఆ భేదాన్ని చెరిపి పంపుతున్నాము! అట్టి ఫైలును తరువాత ఎంపీ3గా మార్చితే పరిమాణం పెరుగుతుందే కాని పోయిన ధ్వని తిరిగి రాదు. ఊక దంచితే బియ్యం రాలవు.

కావున చేయవలసినది ఇది. మొదట వేవ్ ఫార్మాటులో, 44,100 నమూనాలతో, మోనోలో రికార్డు చేసి అసలు ప్రతిని భద్రపరచండి. నిమిషానికి సుమారు 5 ఎంబీ అవుతుంది. దానినుండి ఒకే ఒక్కసారి 64 కేబీపీఎస్ స్థిరవేగపు ఎంపీ3 తీయండి. ఇరవై నిమిషాల పాఠం 10 ఎంబీ లోపే. ఫైళ్ళకు 01, 02 అని అంకెలతో పేర్లు పెట్టండి, తెలుగు లిపిలోని పేర్లు చిన్న పరికరాలలో గడులుగా కనబడవచ్చు. కార్డు 32 జీబీకి మించకుండా చూడండి, అంతకు పెద్దవాటిని పాత పెట్టెలు చదవకపోవచ్చు. పంపే ముందు మీ ఊరిలో దొరికే అతి చౌక పెట్టెలో ఒకసారి వినండి.

తల్లిదండ్రులారా, పాఠం పలకనప్పుడు మీ ఫోనును నిందించుకొని ఊరకుండకండి. పంపినవారిని అడగండి. అడగడం మీ హక్కు. పలికే పాఠం ఇవ్వడం మా విధి.