గాజా పిల్లల కథ, కెనడా పెద్దల జంకు

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా నాటకం పాఠ్యాంశమే. సంగీతం, నృత్యం, చిత్రకళలతో పాటు దానికీ సిలబస్ ఉంది, మార్కులూ ఉన్నాయి. వార్షికోత్సవం నాడు మాత్రమే పిల్లల ముఖాలకు రంగు పూసే మన బడుల అలవాటుకు ఇది చాలా దూరం. అక్కడ టీచరు ఒక కథ మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తారు. పిల్లలు ఆ ఊరి పెద్దలుగానో, తప్పిపోయిన పిల్లవాడి స్నేహితులుగానో మారి, తమలో తాము వాదించుకుంటూ మిగతా కథను నడిపిస్తారు. కంఠతా పట్టిన సంభాషణలు ఉండవు, చప్పట్లు కొట్టే ప్రేక్షకులూ ఉండరు. ‘స్టోరీ డ్రామా’ పేరుతో ఈ పద్ధతిని టీచర్లకు అలవాటు చేసినవారిలో టొరంటో విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ బూత్ (1938-2018) ముఖ్యుడు.

అదే విశ్వవిద్యాలయానికి చెందిన క్యాథ్లీన్ గాలహర్ ఈ పనిని దేశం దాటించారు. ఆమె నాయకత్వంలో సాగిన ‘ర్యాడికల్ హోప్’ పరిశోధనలో టొరంటో నాటక తరగతికి లఖ్‌నవూ, ఏథెన్స్, కొవెంట్రీ, తైవాన్‌లోని తైనాన్ తరగతులు తోడయ్యాయి. లఖ్‌నవూ నుంచి పాల్గొన్నది పేదింటి ఆడపిల్లల కోసం ఊర్వశీ సాహ్ని స్థాపించిన ప్రేరణ బాలికల పాఠశాల. ఈ పరిశోధన ఆధారంగా ఆండ్రూ కుష్నీర్ రాసిన ‘టువర్డ్స్ యూత్’ నాటకం 2019లో టొరంటోలోని క్రోస్ థియేటర్‌లో ప్రదర్శితమైంది. ఒక దేశపు పిల్లలు తమ జీవితాన్ని నాటకంగా మలిస్తే మరో దేశపు పిల్లలు దాన్ని చూసి, తమ జీవితంతో బదులు చెప్పే పద్ధతి కెనడాకు కొత్త కాదన్నమాట. ఆ బదులు గాజా నుంచో వెస్ట్ బ్యాంక్ నుంచో రావాల్సి వచ్చినప్పుడు మాత్రం అక్కడి పెద్దలకు కాళ్లు తడబడుతున్నాయి.

పాలస్తీనా పిల్లలను బయటి ప్రపంచంతో కథల ద్వారా కలిపే పని ఎక్కువగా వాలంటీర్ల చేతుల మీదుగానే జరుగుతోంది. వీటిలో బాగా పేరున్నది హ్యాండ్స్ అప్ ప్రాజెక్ట్. ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతానికి చెందిన ఇంగ్లిష్ బోధకుడు నిక్ బిల్‌బ్రో దీన్ని 2015లో మొదలుపెట్టారు. అంతకుముందే ఆయన భాషాబోధనలో సంభాషణల గురించి, జ్ఞాపకశక్తి గురించి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయానికి పుస్తకాలు రాసిన మనిషి. పద్ధతి సులువు. గాజాలోనో వెస్ట్ బ్యాంక్‌లోనో ఒక తరగతి గది, అందులో ఒక ల్యాప్‌టాప్, పక్కన అక్కడి టీచరు. తెరకు ఇవతల వేరే దేశంలో ఒక వాలంటీరు. వాలంటీరు కథ చెబుతుంటే పిల్లలు మధ్యలో అడ్డుపడతారు, తర్వాత ఏం జరుగుతుందో ఊహిస్తారు, లేచి నటిస్తారు. పాలస్తీనా పాఠ్యప్రణాళికలో ఇంగ్లిష్ ఒకటో తరగతి నుంచే ఉంది కాబట్టి ఆట ఆ భాషలోనే సాగుతుంది. పిల్లలు చదువుకున్న వ్యాకరణం కాస్తా మాటగా మారేది అక్కడే.

ఆ తర్వాత పిల్లలు కథ వినడంతో ఆగకుండా సొంతంగా నాటకాలు రాయడం మొదలుపెట్టారు. దాన్నే ‘రిమోట్ థియేటర్’ అన్నారు. నిబంధనలు కఠినమైనవే. నాటకం ఐదు నిమిషాలకు మించకూడదు, నటులు ఐదుగురికి మించకూడదు. కెమెరా కదలదు. కెమెరా కంటికి ఆనినంత మేరే రంగస్థలం. ఒక పాత్ర పక్క నుంచి రావచ్చు, బల్ల కింద నుంచి లేవనూ వచ్చు. ముఖం తెరకు దగ్గరగా తెస్తే ఆ పాత్ర రాక్షసుడంత అవుతుంది, వెనక గోడకు జరిగితే చీమంత అవుతుంది. అరచెయ్యి అడ్డంపెడితే తెర పడినట్టే. సామగ్రి లేమి నుంచి పుట్టిన కళ ఇది, కానీ లేమిని చూపించి జాలి అడిగే కళ కాదు. పిల్లల రచనల్లో కొన్ని ‘టూత్‌బ్రష్ అండ్ అదర్ ప్లేస్’ అనే సంకలనంగా అచ్చయ్యాయి. పాలస్తీనా పిల్లల పుస్తకమంటే అట్ట మీద కూలిన గోడ, ఏడుస్తున్న ముఖం ఉండాలని అనుకునేవారికి టూత్‌బ్రష్ పేరు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఉండాలి కూడా. బాధితుడు సాక్ష్యం చెప్పడానికి మాత్రమే నోరు విప్పాలన్నది బయటివాళ్ల కోరిక. పదకొండేళ్ల పిల్లవాడికి హాస్యం రాయాలనిపించవచ్చు, దెయ్యం కథ చెప్పాలనిపించవచ్చు. ఆ స్వేచ్ఛ ఇవ్వని మార్పిడి ఎంత మంచి ఉద్దేశంతో చేసినా విచారణలాగే ఉంటుంది.

ఈ ఐదు నిమిషాల వెనక ఎంత యంత్రాంగం ఉందో గమనించాలి. 2017లో గాజాలో రోజుకు నాలుగు గంటలే కరెంటు ఉన్న నెలలున్నాయి. వెస్ట్ బ్యాంక్‌కు 3జీ సేవలు 2018లో వచ్చాయి, గాజా మాత్రం 2జీ దగ్గరే ఆగిపోయింది. ఇంటర్నెట్ కావాలంటే తీగ ద్వారా రావాల్సిందే. బడుల్లో ఎక్కువ భాగం రెండు షిఫ్టుల్లో నడిచేవి. టొరంటోలో ఉదయం తొమ్మిదైతే గాజాలో సాయంత్రం నాలుగు, అంటే రెండో షిఫ్టు పిల్లలు సంచులు సర్దుకునే వేళ. వాంకూవర్‌లో తొమ్మిదయ్యేసరికి అక్కడ రాత్రి ఏడు. కెనడాలోని తరగతి ఏదైనా గాజాతో నేరుగా కలవాలంటే ఈ లెక్కలన్నీ కుదరాలి.

డబ్బు లెక్క కూడా ఉంది. 2023 యుద్ధానికి ముందు గాజాలో సుమారు 3 లక్షల మంది పిల్లలు చదివింది ఐక్యరాజ్యసమితి శరణార్థి సహాయ సంస్థ యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ బడుల్లో. ఆ సంస్థ ఖర్చు భరించేది ఎక్కువగా సభ్యదేశాల విరాళాలే. కెనడా చెయ్యి ఇందులో స్థిరంగా లేదు. 2010లో హార్పర్ ప్రభుత్వం సంస్థ సాధారణ నిధికి డబ్బు ఆపేసింది. 2016లో ట్రూడో ప్రభుత్వం 2.5 కోట్ల డాలర్లతో మళ్లీ మొదలుపెట్టింది. 2024 జనవరిలో మరోసారి ఆపి, మార్చిలో పునరుద్ధరించింది. వాలంటీరు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా, అవతల తరగతి గదిలో టీచరు ఉంటారా ఉండరా అనేది ఒట్టావా బడ్జెట్ మీద కూడా ఆధారపడిన విషయం.

బయటివాళ్లు వెళ్లి కథ నేర్పితే తప్ప పాలస్తీనా పిల్లలకు కథ తెలియదన్న భ్రమ ఎవరికైనా ఉంటే అది తొలగాలి. శీతకాలం రాత్రుళ్లు పెద్ద వయసు స్త్రీలు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పే ‘హికాయె’ అక్కడి సంప్రదాయం. మన పేదరాశి పెద్దమ్మ కథల వంటిదే. యునెస్కో దాన్ని 2008లో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇబ్రహీం ముహావి, షరీఫ్ కనానా సేకరించిన 45 జానపద కథలు ‘స్పీక్, బర్డ్, స్పీక్ అగైన్’ పేరుతో 1989లో వెలువడ్డాయి. నాటకం సంగతీ అంతే. జెనిన్ శరణార్థి శిబిరంలోని ఫ్రీడమ్ థియేటర్ 2006లో మొదలైంది. ఢిల్లీలోని జన నాట్య మంచ్‌తో కలిసి 2015-16లో భారతదేశంలో పలు నగరాలు తిరిగింది కూడా.

రమల్లాలోని అష్తార్ థియేటర్ చేసిన పని ఈ విషయానికి మరింత దగ్గర. 2008-09 యుద్ధం తర్వాత గాజాలోని 30 మందికి పైగా కౌమారులతో ఏకపాత్రలు రాయించి, ‘గాజా మోనోలాగ్స్’ పేరుతో 2010 అక్టోబరు 17న ముప్పైకి పైగా దేశాల్లో ఒకే రోజు యువబృందాలతో చెప్పించింది. రాసినవాళ్లు గాజా దాటి రాలేకపోయినా వాళ్ల మాటలు ఇతర దేశాల పిల్లల నోట పలికాయి. ఇక్కడ బయటి దేశాల యువతకు దక్కింది దాత పాత్ర కాదు, నటుడి పాత్ర. నటుడు ముందు రచయితను వినాలి. వాలంటీర్ల ఉద్యమాలకు పాఠం ఏదైనా ఉంటే ఇదే.

కెనడాలో ఈ వినడం దగ్గరే చిక్కు వచ్చింది. ‘ది బ్రెడ్‌విన్నర్’ రచయిత్రిగా ప్రపంచమంతా ఎరిగిన డెబొరా ఎల్లిస్ ఇజ్రాయెల్, పాలస్తీనా పిల్లలతో మాట్లాడి 2004లో ‘త్రీ విషెస్’ ప్రచురించారు. రెండు వైపుల పిల్లలూ తమ మాటల్లోనే చెప్పుకున్న పుస్తకం అది. 2006లో ఒంటారియో గ్రంథాలయ సంఘం దాన్ని నాలుగు నుంచి ఆరో తరగతి పిల్లల పఠన పోటీకి ఎంపిక చేసింది. చిన్న పిల్లలకు ఇది తగదని కెనడియన్ జ్యూయిష్ కాంగ్రెస్ అభ్యంతరం చెప్పింది. టొరంటో సహా కొన్ని స్కూల్ బోర్డులు ఆ వయసు పిల్లలకు పుస్తకం అందకుండా పరిమితులు పెట్టాయి. రచయితల సంఘాలు నిరసన తెలిపాయి. పుస్తకంలో మాట్లాడినవారిలో ఎనిమిదేళ్లవాళ్లున్నారు. ఎనిమిదేళ్ల వయసులో అనుభవించినదాన్ని పదేళ్ల వయసులో చదవకూడదన్న వాదన వయసు గురించి వేసుకున్న లెక్క కాదు, పెద్దల భయం గురించి వేసుకున్న లెక్క.

2010లో వంతు ఆన్ లారెల్ కార్టర్ నవల ‘ది షెపర్డ్స్ గ్రాండ్‌డాటర్’ది. గొర్రెలు కాయాలని కలగనే పాలస్తీనా అమ్మాయి కథ. కెనడా గ్రంథాలయ సంఘం దానికి 2009లో ఉత్తమ బాలల పుస్తక పురస్కారం ఇచ్చింది. మరుసటి ఏడాదే, అది ఏకపక్షమని, బడుల నుంచి తొలగించాలని డిమాండ్ వచ్చింది. ఈ రెండు పుస్తకాలనూ ప్రచురించింది టొరంటోలోని గ్రౌండ్‌వుడ్ బుక్స్. దాని వ్యవస్థాపకురాలు ప్యాట్రీషియా అల్డానా 2006-10 మధ్య అంతర్జాతీయ బాలసాహిత్య సంస్థ ‘ఇబ్బీ’ అధ్యక్షురాలు.

పెద్దల రంగస్థలం కూడా దీనికి మినహాయింపు కాదు. పాలస్తీనీయుల పక్షాన నిలిచిన అమెరికా యువతి కథైన ‘మై నేమ్ ఈజ్ రేచల్ కోరీ’ని టొరంటోలోని పెద్ద సంస్థ క్యాన్‌స్టేజ్ వదులుకుంటే, 2007లో మాంట్రియల్‌లో రాహుల్ వర్మ నడిపిన తీస్రీ దునియా థియేటర్ ప్రదర్శించింది. 2024 జనవరిలో గాలి ఎదురు దిక్కుకు మళ్లింది. ఇజ్రాయెలీ సహాయక కార్యకర్త కథైన క్రిస్టఫర్ మారిస్ నాటకం ‘ది రన్నర్’ను విక్టోరియాలోని బెల్‌ఫ్రీ థియేటర్, వాంకూవర్‌లోని పుష్ ఉత్సవం రద్దు చేశాయి. నోరు మూయించే పని ఒక్క వైపుదే అనుకోవడం పొరపాటు. కథంటే భయం కెనడాకే పరిమితమూ కాదు. 2007లో పాలస్తీనా విద్యాశాఖే పైన చెప్పిన జానపద కథల పుస్తకాన్ని బడుల నుంచి తీసేయమని ఆదేశించి, రచయితల ఆగ్రహం చూసి వెనక్కి తగ్గింది.

అభ్యంతరాల్లో పస లేదని కొట్టిపారేయలేం. తరగతి గది ప్రచార వేదిక కారాదన్న మాట నిజం. యూదు విద్యార్థి తన బడిలో బిక్కుబిక్కుమంటూ కూర్చోవాల్సిన స్థితి రాకూడదు, పాలస్తీనా విద్యార్థికీ రాకూడదు. అయితే కథనాటకం ఈ ప్రమాదాన్ని నినాదం కన్నా, ప్రసంగం కన్నా బాగా తట్టుకుంటుంది. ఎందుకంటే పాత్ర ధరించిన పిల్లవాడు తీర్పు చెప్పనక్కర్లేదు, ఆ పాత్ర అప్పుడేం చేస్తుందో ఆలోచిస్తే చాలు. పాత్ర విడిచి బయటికి వచ్చాక దాంతో విభేదించవచ్చు. సిసలైన లోపం వేరే చోట ఉంది. పాఠం అయ్యాక ఒకరు ల్యాప్‌టాప్ మూసి హాకీ ఆడటానికి వెళతారు, రెండోవారికి ఆ వీలు లేదు. ఈ అసమానతను ఏ నాటకమూ చెరపలేదు. దాన్ని దాచిపెట్టి ‘మనమంతా ఒకటే’ అని పాడించే కార్యక్రమాలు పిల్లలను మభ్యపెట్టడమే.

2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక ఈ పని రూపమే మారింది. గాజాలో సుమారు 6.25 లక్షల మంది విద్యార్థులకు బడి లేకుండా పోయింది. యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ బడులు తలదాచుకునే శిబిరాలయ్యాయి. ఆ ఏడాది నవంబరు 29న అష్తార్ పిలుపు మేరకు పలు దేశాల్లో ‘గాజా మోనోలాగ్స్’ మళ్లీ చదివారు. 2010లో పిల్లలు రాసిన మాటలను దాదాపు మార్చకుండానే చదవగలిగారంటే ఆ పదమూడేళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. కెనడాలో ఉన్నవారు గాజాలోని తమ బంధువులను రప్పించుకునేందుకు అక్కడి ప్రభుత్వం 2024 జనవరిలో తాత్కాలిక వీసా పథకం తెచ్చింది. మొదట 1,000 దరఖాస్తులకే పరిమితం చేసి, మే నెలలో 5,000కు పెంచింది. అలా వచ్చిన పిల్లలు బడిలో చేరితే దూరపు తరగతి, దగ్గరి తరగతి అన్న తేడా చెరిగిపోతుంది. మిస్సిసాగాలో ఒక బెంచీ మీద ఖాన్ యూనిస్ నుంచి వచ్చిన అమ్మాయి, గుంటూరు నుంచి వచ్చిన అబ్బాయి పక్కపక్కనే కూర్చోవచ్చు.

అందువల్ల స్కూల్ బోర్డులు వివాదం వచ్చాక ఉలిక్కిపడే పద్ధతి మానాలి. ఏ కథ చెప్పాలో అవతలి టీచరు, పిల్లలు నిర్ణయించాలి. పిల్లల ముఖాలు అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు. తల్లిదండ్రులకు ముందుగా తెలపాలి, ఇష్టం లేని పిల్లవాడికి తప్పుకునే వీలుండాలి. టీచరుకు తగిన శిక్షణ ఉండాలి, బోర్డు ఆ టీచరును ఒంటరిగా వదిలేయకూడదు. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, నాటకం సిలబస్‌లో చోటు ఎప్పటినుంచో ఉంది. ఒంటారియోలో ప్రతి ప్రభుత్వ బడికీ తల్లిదండ్రులతో కూడిన స్కూల్ కౌన్సిల్ ఉండాలన్న నిబంధన ఉంది. బ్రాంప్టన్‌లో, మిస్సిసాగాలో పిల్లలను చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులు గణితం మార్కుల గురించి అడిగే ఆ సమావేశంలోనే ఈ మాట కూడా అడగాలి.