పిలిచిన పలుకని బిడ్డ



మా పెందుర్తిలో చెవిపోటన్నంతనే పొయ్యిమీదికి నూనెగరిటె యెక్కును. వెల్లుల్లి వేసి కాచిన నూనెను గోరువెచ్చగా చెవిలో వేయుట మా అత్తగారు నాకు నేర్పినది. నిరుడు పొరుగింటామె తన యెనిమిదేండ్ల కుమారుని తోడ్కొని వచ్చి, "వదినగారూ, నాలుగు దినములనుండి వీడు పిలిచిన పలుకుట లేదు. కాస్త నూనె వేయుదురా?" అని యడిగెను. బడిలో వాడు మాట పెడచెవిని పెట్టుచున్నాడని మా వారును రెండుమారులు మందలించి యుండిరి.

గరిటె చేతబట్టిన నేను వాని మొగము చూచి యాగితిని. అది పాలిపోయి యున్నది. దెబ్బ తగులకయే కాళ్లపై నల్లని కమురుమచ్చలు! చిగుళ్లనుండి నెత్తురు వచ్చుచున్నదని తల్లి చెప్పెను. నూనె మానిపించి విశాఖపట్టణమునకు పంపితిమి. రక్తపరీక్షలో ల్యుకీమియా, అనగా రక్తపు క్యాన్సరు అని తేలినది.

నెత్తుటి రోగము చెవి నేల పట్టును? ఈ వ్యాధిలో ఎముకల మూలుగయందు పక్వము కాని తెల్లకణములు మితిమీరి పెరుగును. నెత్తురు గడ్డకట్టించు ప్లేట్‌లెట్లు తగ్గిపోవును. అపుడు నత్తగుల్లవంటి లోచెవిలో రక్తస్రావమై హఠాత్తుగా వినికిడి పోవచ్చును. హోరు పుట్టవచ్చును, తల తిరుగవచ్చును. తెల్లకణములెన్ని యున్నను కాపాడు శక్తి లేనందున నడిమిచెవికి చీము పట్టవచ్చును. కణములు మరీ హెచ్చినచో నెత్తురు చిక్కబడి, లోచెవికి పోవు సన్నని నాళములో సరిగా పారదు. చికిత్సాకాలమున సూక్ష్మజీవులను చంపుటకిచ్చు జెంటామైసిన్ వంటి కొన్ని మందులును వినికిడిని తగ్గింపగలవు. కావున నడుమనడుమ వినికిడి పరీక్ష చేయింపుడని వైద్యుల నడుగవలయును.

భయపడకుడు. పిల్లల చెవిపోటులలో పెక్కింటికి జలుబే మూలము. ల్యుకీమియా చెవుడుగా బయటపడుట మిక్కిలి అరుదు. బయటపడినను నేడది నిరాశ గాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో సిద్ధపరచిన అమినోప్టెరిన్ అను మందుచే, ల్యుకీమియా పిల్లలలో కొందరికి వ్యాధి తాత్కాలికముగా అణగెనని 1948లో బోస్టనునందు డాక్టరు ఫార్బర్ ప్రకటించెను. దాని సోదరి యగు మెథోట్రెక్సేటు నేటికిని పిల్లలకు వాడుచున్నారు. మన అగనంపూడిలోనే హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి యున్నది.

ఆ బాలుడిపుడు చికిత్సలో నున్నాడు. ఒక చెవి కొంత తేరుకొన్నది, రెండవది లేదు. మా వారు వానిని ముందు బల్లపై కూర్చుండబెట్టి, మొగము చూచుచు పాఠము చెప్పుచున్నారు.

కావున అమ్మలారా! పిలిచిన పలుకని బిడ్డను కసరుటకు ముందు మొగమును, చిగుళ్లను, కాళ్లను చూడుడు. కర్ణభేరికి చిల్లి యున్నదో లేదో మనకు తెలియదు గనుక నూనె వేయకుడు. వినికిడి హఠాత్తుగా తగ్గినచో ఆ దినముననే వైద్యునికి చూపుడు.